భావప్రసార విద్య, విద్యార్థికి దాని ప్రయోజనము: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల నాధారముగా ఒక పరిశీలనము

విశ్వవిద్యాలయములలో నేడు బోధింపబడుచున్న శాస్త్రములలో భావప్రసార శాస్త్రము వయస్సున చిన్నది. సాహిత్యమునకు, వ్యాకరణమునకు ఉన్నట్టి దీర్ఘసంప్రదాయము దానికి లేదు. న్యాయశాస్త్రమునకు, వైద్యమునకు ఉన్నట్టి నిశ్చితమైన వృత్తియు దానికి లేదు. న్యాయశాస్త్రమున పట్టము లేనివాడు న్యాయవాదిగా నిలువజాలడు. వైద్యమున పట్టము లేనివాడు వైద్యుడుగా చికిత్స చేయజాలడు. కాని పత్రికకు వార్త వ్రాయుటకు గాని, ఆకాశవాణిలో మాటలాడుటకు గాని ఏ పట్టమును చట్టము కోరదు. అట్లయినచో రెండు సంవత్సరముల కాలమును, కుటుంబముయొక్క ధనమును వెచ్చించి ఈ పట్టమును పొందిన విద్యార్థికి దక్కునదేమి?

ఈ ప్రశ్న హైదరాబాదులో అడుగుట ఒక విధము, కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో అడుగుట మరియొక విధము. నగరమున పత్రికాకార్యాలయములు, దూరదర్శన సంస్థలు, ప్రకటన సంస్థలు ఉన్నవి. ఉద్యోగమే ప్రయోజనమని చెప్పి ఊరకుండవచ్చును. వరియు, మొక్కజొన్నయు, చెరకును పండించు కుటుంబమునుండి వచ్చిన విద్యార్థికి ఆ సమాధానము చాలదు. ఊరు విడిచిపోయినగాని ఫలింపని చదువు ఊరికేమి చేయునని అతని తండ్రి అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పుట బోధకుల బాధ్యత.

ఈ వ్యాసమున ప్రతిపాదింపబడుచున్న విషయమిది. ఈ విద్యవలన కలుగు ముఖ్యలాభము చక్కగా వ్రాయుటయు కాదు, యంత్రములను నడుపుటయు కాదు. చెప్పినమాట చేరినదా లేదా, చేరినది అర్థమైనదా లేదా, అర్థముకానిచో లోప మెచ్చట నున్నది అని పరీక్షించి తెలిసికొను శక్తియే దాని ముఖ్యఫలము. తక్కిన ప్రయోజనములు దాని ననుసరించి వచ్చునవి.

పదవిచారము

‘కమ్యూనికేషన్’ అను ఆంగ్లపదమునకు మనము భావప్రసారము, సమాచారప్రసారము, భావవినిమయము అను మాటలను వాడుచున్నాము. ఆంగ్లపదమునకు మూలమైన లాటిను మాటకు ‘ఉమ్మడి’ యని యర్థము. ఒకనికి తెలిసినది పలువురకు ఉమ్మడి చేయుటయే దాని తాత్పర్యము. సాహిత్యవిద్యార్థులకు ఇది క్రొత్త భావము కాదు. రసనిష్పత్తిని వివరించుచు భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణముకూడ ఒకని యనుభవము సహృదయుల కందరకు సామాన్యమగుటయే. భారతీయ భావప్రసార సిద్ధాంతమును నిర్మింపబూనిన మన పండితులు కొందరు ఆ పదమునే పునాదిగా గ్రహించిరి.

‘వార్త’ అను మాటయు గమనింపదగినది. కౌటిల్యుడు చెప్పిన నాలుగు విద్యలలో వార్త యొకటి. కృషి, పశుపాలనము, వాణిజ్యము అనునవి దానిలోని యంశములు. అనగా జీవనోపాయమునకు, సమాచారమునకు మన పూర్వులు వాడినది ఒకే మాట. కామారెడ్డిలో బెల్లపు ధర, పోచారము చెరువులో నీటి మట్టము, మార్కెట్టు యార్డులో తూకముల ఆలస్యము వార్తలగునా యని సంశయించువారికి ఆ పదచరిత్రయే సమాధానము.

తెలంగాణపు నిత్యవ్యవహారమున ఈ విషయమై మూడు చక్కని మాటలు కలవు: కబురు, ముచ్చట, ఎరుక. కబురు అరబ్బీనుండి ఉర్దూ ద్వారమున వచ్చినది. ఒకచోటినుండి మరియొకచోటికి పంపబడునది. ముచ్చట యనగా కోస్తా జిల్లాలలో వేడుక, మక్కువ. ఇచ్చట ఇద్దరు కూర్చుండి చెప్పుకొను మాట. ఎరుక యనగా తెలివిడి. “నాకెరుక లేదు” అని ఇచ్చటివారు నేటికిని అందురు. కబురు ఏకముఖము, ముచ్చట ఉభయముఖము, ఎరుక ఫలము. కబురు పంపినంతనే ఎరుక కలిగినదని తలచుట కార్యాలయములు, పత్రికలు సామాన్యముగా చేయు పొరపాటు. నడుమనుండు ముచ్చటను పరిశీలించుటయే భావప్రసార శాస్త్రముయొక్క పని.

ఈ విద్య మన ప్రాంతమునకు వచ్చిన తీరు

మన దేశమున పత్రికారచనను విశ్వవిద్యాలయవిద్యగా నిలుపు ప్రయత్నములలో 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున ఏర్పడిన శాఖ ముఖ్యమైనది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లో పత్రికారచనాశాఖ నెలకొల్పబడెను. అప్పటి పాఠ్యక్రమమున వార్తారచన, సంపాదకత్వము ప్రధానముగా నుండెను. క్రమముగా రేడియో, దూరదర్శనము, ప్రజాసంబంధములు, అభివృద్ధి ప్రసారము, పరిశోధనపద్ధతులు చేరి శాఖయొక్క పేరుకూడ మారెను. 1985లో స్థాపింపబడి, నేడు సురవరము ప్రతాపరెడ్డిగారి పేరుతో నున్న తెలుగు విశ్వవిద్యాలయమున ఈ విద్య తెలుగు మాధ్యమమున లభించినది. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయము డిచ్‌పల్లి ప్రాంగణమున ఈ శాఖను నడుపుచున్నది. దాని దక్షిణప్రాంగణము కామారెడ్డి జిల్లాలోని భిక్కనూరులో నున్నది. కావున కామారెడ్డి విద్యార్థికి ఈ చదువు నేడు దూరదేశపు వస్తువు కాదు.

ఈ రెండు పట్టణములను పరిశీలనకు గ్రహించుటకు కారణము కలదు. నిజాము పాలనలో కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట అను పేర్లతో ఇవి రెండును తాలూకా కేంద్రములు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో రెండును రెవిన్యూ విభాగ కేంద్రములు. కాని కామారెడ్డి హైదరాబాదు-నాగపూరు రహదారిమీదను, సికింద్రాబాదు-మన్మాడు రైలుమార్గముమీదను ఉన్నది. పత్రిక తెల్లవారకముందే వచ్చును. ఎల్లారెడ్డి ఆ రెండు మార్గములకు దూరముగా, ఒకప్రక్క నిజాంసాగరమును, మరియొకప్రక్క పోచారము జలాశయమును కలిగి లోపల నున్నది. చుట్టును గల తాండాలలో లంబాడీ భాష వ్యవహారమున నున్నది. దానికి స్వంతలిపి లేదు. జిల్లా పశ్చిమపు సరిహద్దున మద్నూరు, జుక్కల్ ప్రాంతములలో మరాఠీ, కన్నడములు వినవచ్చును. పట్టణములలో ఉర్దూ కలదు. ఒకే కబురు ఒకే జిల్లాలో ఎన్ని విధములుగా చేరునో, ఎన్నిచోట్ల చేరకపోవునో పరిశీలించుటకు ఇంతకన్న అనువైన క్షేత్రము దొరకుట కష్టము.

చరిత్రయు ఇట్టి పరిశీలనకు తోడ్పడును. నిజాము రాజ్యమున కార్యాలయభాష ఉర్దూ, రైతుభాష తెలుగు. తాఖీదు ఒక భాషలో వచ్చును. పన్ను కట్టువాడు మరియొక భాషలో మాటలాడును. నడుమ పట్వారీ చెప్పినదే అర్థము. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో అలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపగా కొందరు హేళన చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. మాటను వినకుండుటయు ఒక అధికారరూపమే యని ఈ ఘట్టము తెలుపుచున్నది.

దానికి బదులు చెప్పిన విధములలో ఒకటి మన శాఖలవారికి సుపరిచితము. తెలంగాణమున కవులు లేరన్న మాటకు ప్రత్యుత్తరముగా, 1926లో తాము స్థాపించిన గోలకొండ పత్రికను ఆధారముగా జేసికొని, సురవరము ప్రతాపరెడ్డిగారు ఊరూరినుండి వివరములు రప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. దీనిని సాహిత్యచరిత్రలో ఘట్టముగా మాత్రమే మనము బోధించుచున్నాము. భావప్రసారదృష్టితో చూచిన ఇది మరియొక రీతిగా కనబడును. పత్రిక కబురు పంపెను. పాఠకులు తిరిగి బదులు వ్రాసిరి. ఆ బదుళ్లను కూర్చి పరిశీలించి ప్రకటించుటచేత ఒక అపవాదు తొలగెను. ఆవేశముతో గాక ఆధారములతో సమాధానము చెప్పుట యెట్లో ఈ సంచిక నేర్పును.

మొదటి ప్రయోజనము: చేరినదా యని పరీక్షించుట

ఈ విద్యలో విద్యార్థి మొట్టమొదట నేర్చునది ప్రసారమునకు, గ్రహణమునకు గల భేదము. ఎవరు, ఏమి, ఏ మార్గమున, ఎవరితో, ఏ ఫలముతో చెప్పిరి అను ఐదు ప్రశ్నలను 1948లో అమెరికను పండితుడు హెరాల్డు లాస్వెల్ కూర్చెను. చూచుటకు ఇవి సామాన్యమైన ప్రశ్నలే. కాని మొదటి మూడింటికి కార్యాలయమున కూర్చుండి సమాధానము వ్రాయవచ్చును. చివరి రెండింటికి ఊరికి పోవలెను. విద్యార్థి పొందు శిక్షణమంతయు ఆ చివరి రెండింటిలో నున్నది.

అమెరికాలోని అయోవా రాష్ట్రమున సంకర మొక్కజొన్న విత్తనము వ్యాపించిన విధమును రయన్, గ్రాస్ అను పరిశోధకులు 259 మంది రైతులను ప్రశ్నించి 1943లో ప్రకటించిరి. ఆ విత్తనమును గురించి అత్యధికులు మొదట విన్నది వ్యాపారి నోట. కాని వేయుటకు నిశ్చయించుకొన్నది ఇరుగుపొరుగు రైతుల మాటచేత, వారి పంటచేత. కామారెడ్డి ప్రాంతమునకూడ మొక్కజొన్న ముఖ్యమైన పంట. విత్తనపు సంచిమీది ప్రకటనయు, గట్టుమీద నిలబడి ప్రక్క పొలపు రైతు చెప్పిన మాటయు ఒకే బలము కలవి కావని ఇచ్చటి రైతుబిడ్డకు తెలియును. తెలిసినదానిని లెక్కతో నిరూపించుట యెట్లో ఈ శాస్త్రము నేర్పును.

మన దేశమునకే చెందిన నిదర్శనము మరింత స్పష్టమైనది. 1956లో ఆకాశవాణి యునెస్కో సహాయముతో పూనా కేంద్రమునుండి ఐదు మరాఠీ జిల్లాలలోని 150 గ్రామములకు వ్యవసాయ ప్రసంగములను ప్రసారము చేసెను. ప్రతి గ్రామమునందును ఒక చర్చాసంఘము ఏర్పడెను. వారమునకు రెండు దినముల చొప్పున పది వారములు రైతులు కూడి, విని, చర్చించి, తమ సందేహములను కేంద్రమునకు తిరిగి వ్రాసిరి. టాటా సంస్థ పక్షమున పాల్ న్యూరాత్ ఫలితములను పరిశీలించెను. చర్చాసంఘములున్న గ్రామములలో వ్యవసాయజ్ఞానము విశేషముగా పెరిగెను. రేడియో ఉండియు చర్చలేని గ్రామములలో పెరుగుదల స్వల్పము. పైన చెప్పిన కబురు, ముచ్చట, ఎరుకల సంబంధమునకు ఇంతకన్న చక్కని ఋజువు అవసరము లేదు. రేడియోకు మారుగా నేడు చేతిఫోను వచ్చినది. వినువాడు తిరిగి అడుగుటకు చోటున్నదా అను ప్రశ్న మాత్రము మారలేదు.

రెండవ ప్రయోజనము: మాటను తూచుట

రెండవది భాషకు సంబంధించినది. కావున తెలుగు శాఖలకు దగ్గరిది. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో అసాధారణమైన వర్షము కురిసెను. రాజంపేట మండలములోని అర్గొండలో ఒక్క దినముననే 40 సెంటీమీటర్లకు మించినది. జాతీయ రహదారిమీదను, రైలుమార్గముమీదను రాకపోకలు నిలిచెను. ఎల్లారెడ్డి విభాగమునకు ఆనుకొని, 1922లో పూర్తియైన పోచారము జలాశయమునకు దాని పరిమితికి మించిన వరద వచ్చినది. కట్ట తెగునేమోయని దిగువ గ్రామములవారిని తరలింపవలసివచ్చెను. కట్ట నిలిచినది.

ఇట్టి రాత్రులలో ఒక్కొక్క మాటకు ఎంత విలువ యుండునో ఆలోచింపవలెను. వరదల కాలమున మన పత్రికలు, దూరదర్శనములు వాడు మాటలు ఇవి: రెడ్ అలర్టు, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, క్యూసెక్కు, టి.ఎం.సి. వాతావరణశాఖ పరిభాషలో పసుపు రంగునకు ‘గమనించుచుండుడు’ అనియు, నారింజ రంగునకు ‘సిద్ధముగా నుండుడు’ అనియు, ఎరుపు రంగునకు ‘చర్య గైకొనుడు’ అనియు అర్థము. రంగు పేరు విన్నవాడు ఈ వరుస నెరుగనిచో, నారింజకును ఎరుపునకును గల భేదము అతనికి భేదమే కాదు. ఒక క్యూసెక్కు అనగా సెకనునకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్ల నీరు. లక్ష క్యూసెక్కులని వినినవాడు భయపడును. కాని ఆ నీరు తన ఇంటి గడపకు ఎప్పుడు వచ్చునో, ఎంత యెత్తున వచ్చునో ఆ యంకె చెప్పదు.

మరి ఊరివారికి మాటలు లేవా? తూము, కట్ట, అలుగు, మత్తడి అనునవి చెరువుల దేశమైన తెలంగాణమున తరతరముల మాటలు. “మత్తడి దుంకుచున్నది” అన్నచో ఎల్లారెడ్డి ప్రాంతపు ముసలమ్మకు కూడ నీటి స్థితి కండ్లకు కట్టును. మత్తడిమీద ఎన్ని మూరల నీరు పోవుచున్నది, క్రింది వాగు ఏ వంతెనను ముంచును, ఏ త్రోవ విడువవలెను అను మాటలలో చెప్పిన హెచ్చరిక ఎరుక యగును. తక్కినది శబ్దమాత్రము. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూర తిరిగి రైతుల నోటినుండి సేకరింపజేసిన వ్యవసాయ పదములతో 1962లో మాండలిక వృత్తిపదకోశము వెలువడెను. ఆ పద్ధతిని భాషాశాస్త్రమునకే పరిమితము చేయనక్కరలేదు. హెచ్చరికలు వ్రాయవలసిన విద్యార్థికి ఆ కోశము నిఘంటువు మాత్రమే కాదు, వృత్తిసాధనము.

వదంతి విషయముకూడ ఇచ్చటనే చెప్పవలెను. వదంతి అజ్ఞానులవలన పుట్టునని తలచుట సరికాదు. ముఖ్యమైన విషయమున స్పష్టమైన సమాచారము లేనిచోట వదంతి పుట్టునని పరిశోధకులు చెప్పుదురు. కట్ట నిలుచునా యను ప్రశ్నకు గంటగంటకు నమ్మదగిన సమాధానము వచ్చుచున్నయెడల ‘తెగినది’ అను మాట వ్యాపించుటకు సందు తక్కువ. వదంతిని నిందించుటకు బదులు దానిచేత నింపబడిన ఖాళీ నెవరు విడిచిరని అడుగుట విద్యార్థి నేర్వవలసిన దృష్టి.

మూడవ ప్రయోజనము: ప్రభుత్వపత్రమును చదువుట

మూడవది చట్టమునకు, పౌరజీవనమునకు చెందినది. 2023 జనవరిలో కామారెడ్డి పట్టణ బృహత్ ప్రణాళిక ముసాయిదామీద సమీపగ్రామముల రైతులు పెద్ద ఆందోళన చేసిరి. పంటభూములు పారిశ్రామిక ప్రాంతముగా చూపబడినవని వారి ఆక్షేపణ. ఆ దినములలో ఒక రైతు బలవన్మరణము నొందెను. ఇది ముసాయిదా మాత్రమే, అభ్యంతరములు తెలుపవచ్చునని అధికారులు చెప్పిరి. తుదకు ఆ నెలలోనే పురపాలకసంఘము ఆ ముసాయిదాను ఉపసంహరింపవలెనని తీర్మానించెను.

ఆ ప్రణాళిక మంచిదా కాదా యను విచారము ఈ వ్యాసపరిధికి చెందదు. భావప్రసారదృష్టితో మాత్రము దీనినుండి నేర్వదగినది చాల కలదు. పట్టణప్రణాళిక యనునది రంగులు పూసిన పటము. పసుపు నివాసమునకు, ఊదా పరిశ్రమకు అనునట్లు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క వినియోగము. ఆ సంకేతములను చదువుటకు శిక్షణ కావలెను. ‘ముసాయిదా’ అను మాట అధికారికి ‘ఇంకను మార్చదగినది’ అని స్ఫురించును. తన సర్వే నంబరును ఆ పటములో చూచుకొన్న రైతునకు ‘భూమి పోయినది’ అని స్ఫురించును. ఇద్దరును అబద్ధమాడుట లేదు. ఒకే పత్రమును ఇద్దరు రెండు అనుభవములతో చదువుచున్నారు. ఆ నడుమ నిలిచి, పత్రమును పూర్తిగా చదివి, ఇది ఏ దశలో నున్నది, అభ్యంతరమును ఎవరికి, ఎన్ని దినములలోపల, ఏ విధముగా తెలుపవలెను అని తెలుగున వ్రాసి ఊరి గ్రామపంచాయతి గోడమీద అంటింపగలవాడు ఎంత మేలు చేయును! అట్టివానిని తయారుచేయుట ఈ విద్యకు చేతనగును.

ఈ సందర్భమున 2005 నాటి సమాచారహక్కు చట్టములోని ఒక నిబంధన విశేషముగా పేర్కొనదగినది. అడిగిన సమాచారమును సామాన్యముగా 30 దినములలో ఇయ్యవలెనను సంగతి అందరు ఎరుగుదురు. నాలుగవ విభాగమునందలి నియమమును ఎరిగినవారు తక్కువ. ప్రభుత్వసంస్థలు అడుగకుండనే సమాచారమును వెల్లడింపవలెననియు, అట్లు వెల్లడించునపుడు ఖర్చును, స్థానికభాషను, ఆ ప్రాంతమున అన్నింటికన్న ఫలవంతమైన ప్రసారపద్ధతిని దృష్టిలో నుంచుకొనవలెననియు అది విధించుచున్నది. ఎల్లారెడ్డికి ఫలవంతమైన పద్ధతి యేది? నోటీసు బోర్డా, పత్రికాప్రకటనయా, డప్పు చాటింపా, తాండానాయకుని మాటయా, చేతిఫోనులోని సందేశమా? ఒక్కొక్క తెగవారికి, ఒక్కొక్క వయస్సువారికి సమాధానము మారును. చట్టమే అడిగిన ఈ ప్రశ్నకు పరిశీలనచేత సమాధానము చెప్పగలవాడు భావప్రసార విద్యార్థి. కావున అతని చదువునకు ఊరిలో పని లేదనుట తప్పు. పని యున్నది, దానికి పదవి మాత్రము చాలచోట్ల ఏర్పడలేదు.

జీవనోపాయమును గురించి

ఈ భేదమును విద్యార్థులనుండి దాచుట న్యాయము కాదు. 1989 నుండి తెలుగు దినపత్రికలు జిల్లా పుటలను వెలువరింప మొదలుపెట్టుటచే మండలస్థాయి వరకు విలేకరులు ఏర్పడిరి. గ్రామవార్తకు అచ్చులో చోటు లభించుట గొప్ప మార్పు. కాని మండల విలేకరులలో చాలమందికి స్థిరమైన జీతము లేదు. ప్రచురింపబడిన వార్తల కొలతనుబట్టి స్వల్పమైన పారితోషికము, ప్రకటనలు తెచ్చినచో దానిమీద కొంత రుసుము. ప్రకటనకై యెవరి గడప త్రొక్కవలెనో వారినిగురించియే నిష్పక్షపాతముగా వ్రాయవలసివచ్చుట కఠినమైన పరీక్ష. దీనిని పాఠ్యాంశముగా చర్చింపక వార్తారచన మాత్రము నేర్పుట అర్ధవిద్య యగును.

పత్రికకు వెలుపలనున్న మార్గములనుకూడ చూపవలెను. ప్రజాసంబంధశాఖ, వైద్యారోగ్యము, వ్యవసాయవిస్తరణ, విపత్తునిర్వహణము, స్వచ్ఛంద సంస్థలు, బోధన, అనువాదము ఈ శిక్షణమును ఉపయోగించుకొను రంగములు. సముదాయ రేడియో మరియొకటి. కామారెడ్డికి పొరుగుననున్న నాటి మెదకు జిల్లాలో, జహీరాబాదు సమీపమునందలి మాచునూరు గ్రామమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీకి చెందిన దళితస్త్రీలు 2008 అక్టోబరు 15 నుండి సంగం రేడియోను నడుపుచున్నారు. చిరుధాన్యములు, విత్తనములు, పాటలు, ఇంటివైద్యములు వారి మాటలలోనే ప్రసారమగును. వారికి విశ్వవిద్యాలయ పట్టములు లేవు. అందుచేత రెండు సంగతులు తెలియుచున్నవి. ప్రసారము పట్టభద్రుల సొత్తు కాదు. పట్టభద్రుడు అట్టివారికి తోడుగా నిలిచి అనుమతిపత్రములు, సాంకేతికవిషయములు, ఫలితపరిశీలన చూచుకొన్నచో అతని చదువు ఊరిలోనే సార్థకమగును.

ఒక ఆక్షేపము, దానికి సమాధానము

పూర్వపు గొప్ప సంపాదకులు ఏ విశ్వవిద్యాలయమున పత్రికారచన నేర్చిరి? అని కొందరు ఆక్షేపింతురు. ఆక్షేపము సత్యమే. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాను 1948 ఆగస్టు 22న తన వ్రాతలకై ప్రాణము లర్పించెను. అట్టి ధైర్యమును ఏ పాఠ్యక్రమమును ఈయజాలదు. భాషమీది మమకారమును, మనుష్యులమీది ఆదరమును కూడ అది ఈయజాలదు. కాని ఆనాటి సంపాదకుని పాఠకులు పరిమితులు; అతడు పొరబడినచో మరునాడు దిద్దుకొనుటకు వ్యవధి యుండెను. నేడు ఒకని చేతిలోని ఫోనునుండి ఒక తప్పుమాట క్షణములో జిల్లా యంతటను వ్యాపించును. మాటకు బలము పెరిగినపుడు దానిని ప్రయోగించువారికి శిక్షణముకూడ పెరుగవలెను. పరువునష్టమును నేరముగా పేర్కొను నిబంధన 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితయందును కలదు. బాలబాధితుల పేర్లు వెల్లడింపరాదను నియమము వేరొక చట్టమున కలదు. ఇట్టివి తెలియక వ్రాసినవాడు పరులకు హాని చేయుటయే గాక తానును చిక్కులలో పడును.

లోపము మన బోధనలోను కలదు. పాఠ్యగ్రంథములలోని ఉదాహరణములు చాలవరకు పరదేశపువి. అయోవా రైతును ఎరిగిన విద్యార్థి గాంధారి మండలపు రైతును ప్రశ్నింప నేర్వనిచో ఆ జ్ఞానము నిరుపయోగము. సిద్ధాంతమును ఆంగ్లమునుండి తెనిగించుటతో తృప్తిపడక, దానిని ఇచ్చటి మాటలతో, ఇచ్చటి మనుష్యులతో పరీక్షించుట అలవరుపవలెను.

అందులకు తెలుగు శాఖలును, భావప్రసారశాఖలును కలిసి చేపట్టదగిన పరిశోధనాంశములు కొన్ని సూచింపబడుచున్నవి. ఒకటి: తహశీలు, పురపాలక కార్యాలయములు వెలువరించు ప్రకటనలలోని పదజాలమును సేకరించి, అందు ఏ పదములు కామారెడ్డిలో అర్థమగుచున్నవో, ఏవి ఎల్లారెడ్డి పల్లెలలో అర్థముకావో పరిశీలించుట. రెండు: చెరువు, వాగు, వాన, వరదలకు సంబంధించిన స్థానికపదములను కూర్చి, హెచ్చరికలకు పనికివచ్చు చిన్న కోశమును నిర్మించుట. మూడు: తెలుగున వ్రాయబడిన ఆరోగ్యసందేశము లంబాడీ తాండాలకు చేరులోపల ఎవరెవరి నోట ఏ విధముగా మారుచున్నదో వెంబడించి చూచుట. నాలుగు: జిల్లా పుటలలోని ఒక సంవత్సరపు వార్తలను వర్గీకరించి, అందు రైతులు, స్త్రీలు, తాండావాసులు తమ మాటలతో కనబడినచోట్లను లెక్కించుట. వీనిలో దేనికిని పెద్ద యంత్రము లక్కరలేదు. నోటుపుస్తకము, ఓపిక, ఊరివారియెడ గౌరవము చాలును.

మొదట అడుగబడిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. భావప్రసార విద్యవలన విద్యార్థి పొందునది ఒక ఉద్యోగమునకు హామీ కాదు. చెప్పినది చేరినదా యని శంకించు అలవాటు, మాటను వినువాని చెవితో తూచు నేర్పు, పత్రమును చదివి పదిమందికి విప్పిచెప్పు సామర్థ్యము, తన మాటవలన కలుగు ఫలమునకు తాను బాధ్యుడనను తెలివిడి అతనికి లభించును. వరద రాత్రియందును, భూమి పటము గోడకెక్కిన దినమునందును ఈ గుణములు గలవా రొకరైనను ఊరిలో నుండుట ఎంత యవసరమో పై నిదర్శనములు తెలుపుచున్నవి. ఆ విద్యార్థి తండ్రికి మన మీయగల సమాధానము ఇదియే. దానిని సత్యము చేయుటకు బోధకులు పాఠ్యక్రమమును ఊరివైపు త్రిప్పవలెను. పరిశోధకులు ఈ ప్రాంతమును తమ క్షేత్రముగా గ్రహింపవలెను.